ఆకాశ విజ్ఞానము – మన బడి

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని నిర్వాహకులు నన్ను కోరినప్పుడు, కొలనుపాక శాసనములను గూర్చియో, ఆలేరునకు రైలు వచ్చిన కాలమును గూర్చియో వ్రాయుదునని వారు తలంచి యుందురు. ఆ విషయములు నాకంటె బాగుగా నెరిగిన పెద్దలు మన యూరనే కలరు. నేను మరియొక చరిత్రను ఎన్నుకొంటిని. అందులకు కారణము ఒక చిన్న ప్రశ్న.

గత అక్టోబరు మాసమున మన బడి పిల్లలు అంతరిక్ష వారోత్సవము జరుపుకొనుచు, తాము తయారుచేసిన పటములను, అట్టముక్కల రాకెట్లను మన గ్రంథాలయపు హాలులో రెండు దినములు ప్రదర్శించిరి. ఒక బాలిక తన పటము ప్రక్కన నిలువబడి, రష్యావారి స్పుత్నిక్కు మొదలు మన చంద్రయానము వరకు తేదీలతో సహా అప్పగించెను. ఒక్క తడబాటు లేదు. నేను సంతోషించి, "బిడ్డా, ఇన్ని చెప్పితివి గదా, వీటిలో మన దిక్కున జరిగినది ఏదైన నున్నదా?" అని అడిగితిని. ఆ బాలిక తన పంతులుగారి ముఖము చూచెను. ఆయన నా ముఖము చూచెను. నిజము చెప్పవలెనన్న, ఆ సాయంకాలము నాకును సరియైన సమాధానము తోచలేదు. తరువాత కొన్ని నెలలు ఈ గ్రంథాలయపు బీరువాలను, నగరములోని ఒకటి రెండు గ్రంథాలయములను వెదకి, నేను కూర్చుకొన్న సమాధానమే ఈ వ్యాసము.

ముందుగా ఈ వారోత్సవ మేమో చెప్పవలెను. ఐక్యరాజ్య సమితి సర్వ ప్రతినిధి సభ 1999 డిసెంబరులో ఒక తీర్మానము చేసి, ప్రతి సంవత్సరము అక్టోబరు 4 మొదలు 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారముగా నిర్ణయించెను. 1957 అక్టోబరు 4వ తేదీన మానవుడు చేసిన మొదటి ఉపగ్రహము స్పుత్నిక్కు ఆకాశమున కెగసెను. 1967 అక్టోబరు 10వ తేదీన అంతరిక్షమును శాంతి కార్యములకే వినియోగింపవలె ననియు, చంద్రాది గోళములను ఏ దేశమును తన సొత్తని చెప్పుకొనరాదనియు పలు దేశములు చేసికొన్న ఒడంబడిక అమలులోనికి వచ్చెను. ఒక తేదీ సామర్థ్యమునకు, రెండవది మర్యాదకు గుర్తు. శ్రీహరికోట కేంద్రమువారు ఏటేట ఈ వారమున మన రెండు తెలుగు రాష్ట్రములలో ప్రదర్శనలు, వ్యాసరచన, క్విజ్ పోటీలు నడుపుచున్నారు. 2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము చంద్రయానము-3 చంద్రుని దక్షిణ ధ్రువమునకు సమీపమున దిగిన పిదప, ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినముగా ప్రకటించిరి. 2024 నుండి అదియును బడులలో జరుగుచున్నది. కావున ఇప్పుడు పిల్లలకు ఏడాదికి రెండు పండుగలు.

ఇక మన దిక్కు సంగతి. కథ స్పుత్నిక్కుతో మొదలు కాదు. దానికి ఎనుబది తొమ్మిది సంవత్సరముల ముందు, వనపర్తిలో మొదలగుచున్నది.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము దక్కను పీఠభూమి మీదుగా సాగి, కోస్తా తీరమున సముద్రములోనికి పోయెను. ఆ గ్రహణమును చూచుటకు ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును గాజు పట్టకముల ద్వారా విడదీసి పరీక్షించినవారికి ఆ గ్రహణ సందర్భమున ఒక పసుపుపచ్చని గీత కనబడెను. భూమిమీద తెలిసిన ఏ పదార్థమునకును అది సరిపోలేదు. తరువాత ఆ పదార్థమునకే హీలియ మని పేరు వచ్చెను. ఇంతవరకు పాఠ్య పుస్తకములలో కలదు. పుస్తకములలో తరచుగా కానరానిది మరియొకటి కలదు. అదే గ్రహణమును చూచుటకై మద్రాసు వేధశాల నుండి చింతామణి రఘునాథాచారి అను భారతీయుడు ఒక బృందమునకు నాయకుడై నిజాము రాజ్యములోని వనపర్తికి వచ్చెను. వనపర్తి మన పాత మహబూబ్‌నగరు జిల్లాలోనిదే గదా! అప్పటికే ఆయన ఒక క్రొత్త నక్షత్రముయొక్క వెలుగు మార్పును కనుగొని యుండెను. 1872లో ఇంగ్లండులోని రాజకీయ ఖగోళ సంఘమునకు సభ్యుడయ్యెను. భారతీయులలో ఆ గౌరవము మొదట ఆయనకే దక్కినది.

నాకు రఘునాథాచారిపై గౌరవము కలిగించినది ఆ సభ్యత్వము కాదు. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచు అరుదైన సంఘటన రానుండగా, ఆయన ముందుగానే ఒక చిన్న పుస్తకమును సంభాషణ రూపమున వ్రాసెను. అది పలు దేశభాషలలో వెలువడినది. పంచాంగము నమ్ముకొన్నవారిని ఎగతాళి చేయక, వారికి అర్థమగు మాటలలో క్రొత్త లెక్కను చెప్పుటయే ఆయన పూనుకొన్న పని. దొర చేతిక్రింద ఉద్యోగము చేయుచు, తన జనమునకు వారి భాషలో చెప్పవలెనని తోచిన మనిషి! ఇప్పటి మన బడి ప్రదర్శనలకు మూలపురుషుడు ఎవరని అడిగిన, నేను ఆయన పేరే చెప్పుదును.

తరువాతి మెట్టు 1901. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము వెలసెను. తెలంగాణమున గ్రంథాలయములన్నింటికి అది పెద్దన్న వంటిది. ఆ సంవత్సరముననే, ఆ నగరముననే, నవాబు జఫర్ జంగు అను ప్రభువు ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పి, దానికి నిజామియా అని పేరిడెను. పుస్తకముల ఇల్లు, చుక్కల ఇల్లు ఒకే ఏట పుట్టినవి. దీనిలో ఏ దైవసంకల్పమో వెదుకుట నా ఉద్దేశము కాదు, కాని గ్రంథాలయపు సంచికలో ఈ మాట వ్రాయకుండుటకు మనసొప్పలేదు.

జఫర్ జంగు 1907లో మరణించెను. మరుసటి యేడు ప్రభుత్వము వేధశాలను తన అధీనములోనికి తీసికొని బేగంపేటకు మార్చెను. అక్కడ జరిగిన పనిని నేను నా వృత్తి భాషలో చెప్పుదును. గ్రామమునకు పహాణీ యెట్టిదో, ఆకాశమునకు అట్టిదే ఒకటి తయారుచేయవలెనని 1887లో పారిస్ నగరమున పలు దేశములవారు కూడి నిర్ణయించిరి. ఆకాశమును పట్టీలుగా విభజించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీ అప్పగించిరి. దక్షిణ అమెరికాలోని సాంతియాగో వేధశాల తన వాటాను పూర్తి చేయలేకపోగా, ఆ పట్టీ హైదరాబాదునకు వచ్చెను. చాట్‌వుడ్, పోకాక్ అను ఆంగ్లేయులును, 1918 నుండి టి.పి. భాస్కరనును ఆ పనిని నడపిరి. రాత్రివేళ గాజు పలకలపై ఆకాశపు ఫోటోలు తీయుట, పగటివేళ సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి అంకెలలో వ్రాయుట. ఇట్లు 7,63,542 నక్షత్రముల స్థానములను నిర్ణయించి పండ్రెండు సంపుటములలో ప్రకటించిరి. తమ పట్టీ ముగిసిన పిమ్మట జర్మనీవారి వాటాలో మిగిలిన దానిని కూడ వీరే పూనుకొనిరి.

ఏడున్నర లక్షలకు పైగా వరుసలు! ఒక గ్రామపు పహాణీలో వేయి వరుసలు తప్పులేక ఎక్కించుటకు ఎంత కన్ను పోవునో నేనెరుగుదును. ఆ సంపుటములలోని ఒక్కొక్క అంకె వెనుక ఎవరో ఒక గుమాస్తా వంగిన వెన్ను కలదు. ఆ గుమాస్తాల పేర్లు సంపుటములకు ఎక్కలేదు.

అయినను ఈ పనియంతయు బడి పిల్లవానికి దూరముగానే యుండెను. నవాబు దూరదర్శినిలో చూడగల భాగ్యము పల్లె బిడ్డకు ఎక్కడిది? ఆకాశ విజ్ఞానము మొట్టమొదట పల్లె బడికి దిగివచ్చినది 1975లో. ఆ యేడు ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును మన దేశము ఒక్క సంవత్సరమునకు ఎరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలో దాదాపు 2400 పల్లెలకు టెలివిజను పాఠములు ప్రసారము చేసెను. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమములు హైదరాబాదులో తయారైనవి. ఉదయము బడి పిల్లలకు, సాయంకాలము పెద్దలకు. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహమునుండి వచ్చు సన్నని సంకేతమును పట్టుటకు పల్లెలో వాడిన గొడుగు దేనితో చేసిరో తెలియునా? కోళ్ల గూళ్లకు వాడు ఇనుప జాలితో. మూడు మీటర్ల వెడల్పున దానిని ఛత్రమువలె వంచి, బడి కప్పుమీదనో పంచాయతీ ముంగిటనో నిలిపిరి. ఈ యోచనకు మూలపురుషుడైన విక్రం సారాభాయి 1971 డిసెంబరు 30న మరణించెను. ఆయన ఆ గొడుగులను చూడలేదు.

సంవత్సరము ముగిసెను, ఉపగ్రహము వెనుకకు మరలెను, పాఠములు ఆగిపోయెను. ఎరువు సొమ్ము ఎంతకాలము నిలుచును? మన సొంత ఇన్‌సాట్ ఉపగ్రహము పని చేయుటకు 1983 వరకు ఆగవలసి వచ్చెను.

ఇప్పుడు నేను చెప్పబోవు సంగతి నా వంతు. 1980 ఫిబ్రవరి 16, శనివారము. నాకు పది పదకొండు సంవత్సరములు. 1868 తరువాత మరల ఒక సంపూర్ణ సూర్యగ్రహణము మన మెట్ట ప్రాంతము మీదుగా సాగినది. కర్ణాటకలో రాయచూరు దిక్కునుండి వచ్చి, జాపాల–రంగాపురము మీదుగా, ఒడిశా తీరము వైపు పోయినది. జాపాల–రంగాపురములో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి వేధశాల కలదు. 48 అంగుళముల దర్పణము గల దూరదర్శినిని 1960ల చివర అక్కడ నెలకొల్పిరి. ఇబ్రహీంపట్నము దాటిన పిదప వచ్చు ఆ గుట్టలు మనకు పరాయి భూమి కాదు. గ్రహణము సరిగా ఆ వేధశాల నెత్తిమీదనే రానుండుటచే, మన దేశపు శాస్త్రజ్ఞులతో పాటు అమెరికా నుండియు ఖగోళజ్ఞులు పెట్టెలతో, యంత్రములతో వచ్చి, అక్కడ రెండు నిమిషములపాటు కనబడు సూర్యుని వెండి కిరీటమును చూచుటకు వేచియుండిరి.

మన యింట ఏమి జరిగినది? మా నాయనమ్మ ఉదయమే రోలు కడిగి, ఇత్తడి పళ్లెములో నీరు పోసి, దానిలో రోకలిని నిలువుగా నిలిపెను. పచ్చడి జాడీలమీద, నీళ్ల బిందెలమీద గరిక వేసెను. కిటికీ రెక్కలు బిగించి, సందులలో గుడ్డ పేలికలు కుక్కెను. "గిరానం పట్టుతది కొడుకా, గడప దాటకు, కండ్లు పోతయి" అని నన్ను తన ప్రక్కకు లాగుకొనెను. మధ్యాహ్నము మూడున్నర దాటిన తరువాత తలుపు సందు క్రిందినుండి వచ్చు వెలుగు తెల్లదనము పోయి బూడిద రంగు తిరిగెను. చెట్టుమీది కాకులు సాయంకాలపు కూత కూసెను. వీథిలో మనిషి అలికిడి లేదు. నేను ఆ సందువద్ద చెంప నేలకానించి చూడబోగా, నాయనమ్మ నా చెవి పట్టుకొని లేవనెత్తెను. అంతే. నా జీవితములో నా నెత్తిమీదుగా పోయిన ఆ ఒక్క మహా గ్రహణము నాకు ఒక చెవినొప్పిగా మాత్రమే జ్ఞాపకమున్నది.

మా నాయనమ్మను నేను నిందింపను. ఉత్త కన్నులతో సూర్యుని చూచిన కన్ను చెడుననుట సత్యమే. ఆమె భయములో సగము శాస్త్రము కలదు. మిగిలిన సగమును ఆమెకు చెప్పవలసినవారు చెప్పలేదు. ఆ దినమున పల్లెలే కాదు, పట్టణముల వీథులును నిర్మానుష్యమైనవి. జనము ఇండ్లలోనే యుండునట్లు దూరదర్శనులో ఆ మధ్యాహ్నము హిందీ చలనచిత్రమును చూపిరి. ఐదేండ్ల క్రితము కోళ్ల జాలితో పల్లె బిడ్డలకు పాఠములు చెప్పిన పెట్టెయే, ఆ దినము జనమును తలుపులు మూసికొమ్మని కూర్చుండబెట్టినది. ఇంతకు, క్రీస్తుశకము 499లోనే ఆర్యభటుడు గ్రహణము నీడ వలన కలుగునని, సూర్యుని చంద్రుడును చంద్రుని భూచ్ఛాయయు కప్పునని స్పష్టముగా వ్రాసియుండెను. ఆయన లెక్కను ఆధారము చేసికొనియే పంచాంగకర్తలు శతాబ్దముల తరబడి గ్రహణ కాలమును గడియలతో సహా చెప్పుచు వచ్చిరి. లెక్క తీసికొన్నాము, కారణమును మాత్రము ఇంటి బయట విడిచితిమి.

వేరొక చిత్రము చూడుడు. మనము గ్రహణమునకు తలుపులు మూసిన నాటికే, మన మెట్ట ప్రాంతముననే, పగలు రాత్రి కన్నార్పక ఆకాశము చూచు ఒక పెద్ద గొడుగు నిలిచి యుండెను. షాద్‌నగరు పాత మహబూబ్‌నగరు జిల్లాలోనిది (2016 జిల్లాల విభజన తరువాత రంగారెడ్డిలో చేరెను). 1974లో హైదరాబాదున ఏర్పడిన జాతీయ దూరసంవేదన సంస్థవారు షాద్‌నగరులో భూకేంద్రమును కట్టి, 1979 నుండి అమెరికావారి లాండ్‌శాట్ ఉపగ్రహము పంపు భూమి చిత్రములను అందుకొనుచుండిరి. 1988 మార్చి 17న మన సొంత దూరసంవేదన ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.-1ఏ రష్యావారి రాకెట్టుపై ఎగసెను. అప్పటినుండి దేశమునకు కావలసిన చిత్రములు అక్కడనే దిగుచున్నవి.

ఈ విషయమున నేను కొంత ఎక్కువ వ్రాయుదును, పాఠకులు క్షమింపవలెను. ఇది లెక్కలు వ్రాయువాని హృదయమునకు దగ్గర.

ఉపగ్రహపు చిత్రము అనగా చుక్కల పట్టిక. ఒక్కొక్క చుక్క నేలమీద కొంత చదరమునకు సమానము. ఐ.ఆర్.ఎస్.-1ఏలోని ఒక కెమెరాకు ఆ చదరము 72.5 మీటర్ల భుజము గలది. మన లెక్కలో వేసి చూడగా, ఒక చుక్కకు ఒక ఎకరము 12 గుంటలు. అనగా మన చెలకలలో చిన్న రైతు భూమి అంతయు ఒక్క చుక్కలో అణగిపోవును. 2019లో ఎగసిన కార్టోశాట్-3 కెమెరాకు ఆ చదరపు భుజము పావు మీటరు. జానెడు కంటె రవంత పెద్ద. ముప్పది యేండ్లలో ఎకరమునుండి జానెడు వరకు దిగినది మన చూపు.

ఇంతకు ఆ చుక్కలో ఏమి తెలియును? పచ్చని ఆకు మన కంటికి కనబడని ఒక రకపు కాంతిని, అనగా పరారుణ కాంతిని, బలముగా వెనుకకు విసరును. ఎండిన గడ్డి, దుక్కి నేల అంతగా విసరవు. నీరు దానిని దాదాపుగా మింగివేయును. అందువలన ఆ చిత్రములలో పైరు ఎర్రగను, చెరువు నల్లగను కనబడునట్లు రంగులు వేయుదురు. మునుపు పట్వారీ గట్లవెంట తిరిగి, ఏ సర్వే నంబరులో ఏ పైరు వేసిరో గిర్దావరి వ్రాసెడివాడు. ఇప్పుడు ఆకాశమునుండి గిర్దావరి జరుగుచున్నది. ఆకాశపు గిర్దావరికి ఒక గుణము కలదు. అది ఏ దొర యింటను భోజనము చేయదు. ఒక లోపమును కలదు. కౌలుదారు ఎవరో దానికి తెలియదు. పైరు కనబడును, పైరు వేసిన చేయి కనబడదు.

నీటి సంగతి మరింత ముఖ్యము. మనది నల్లరాతి నేల. నీరు రాతి పగుళ్లలో, పూడిపోయిన పాత వాగుల జాడలలో దాగియుండును. నేలమీద నిలువబడినవానికి ఆ పగులు కానరాదు. ఎనిమిది తొమ్మిది వందల కిలోమీటర్ల ఎత్తునుండి చూడగా, చెట్టు చేమ పచ్చదనము ఒకే వరుసలో కొన్ని మైళ్లు సాగుట కనబడి, క్రింద పగులు కలదని తెలియజేయును. తాగునీటి జాతీయ ప్రణాళిక క్రింద అంతరిక్ష శాఖవారు దేశములోని జిల్లాలకు ఇట్టి భూగర్భ జల పటములు తయారుచేసిరి. అయితే ఇక్కడ పిల్లలకు ఒక నిజము చెప్పక తప్పదు. ఉపగ్రహము నీటి జాడను చూపును గాని ఆ నీటిలోని ఫ్లోరైడును చూపదు. నల్లగొండ జిల్లాలో ఎందరి ఎముకలను వంచినదో ఆ ఫ్లోరైడు మనకందరకు తెలిసినదే. దానిని తొలగించుటకు పటికయు సున్నమును కలిపి, కలియబెట్టి, తేర్చు పద్ధతిని నాగపురములోని జాతీయ పరిశోధన సంస్థవారు కనుగొనిరి. దానికి ప్రపంచమంతట "నల్లగొండ పద్ధతి" అనియే పేరు. ఆకాశ శాస్త్రము ఒక చేయి, కుండలో పటిక కలుపు శాస్త్రము రెండవ చేయి. ప్రదర్శనలో మొదటి దానికి పది పటములుండగా రెండవదానికి ఒక్కటియు లేకుండుట నాకు వెలితిగా తోచినది.

తుపానుల మాట మన మెట్టవారికి దూరమైనను ఒక వాక్యము వ్రాయవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినప్పుడు, ఉపగ్రహ చిత్రములతో ముందుగానే హెచ్చరికలు అంది, జనమును తరలించుటచే మరణములు పదుల సంఖ్యలో నిలిచినవి. చెట్లు కూలినవి, ఇండ్లు కూలినవి, ప్రాణములు దక్కినవి.

మరియొక సంగతి మన పొలములకే దిగునది. హైదరాబాదులో టాటా పరిశోధన సంస్థవారికి 1969 నుండి ఒక బెలూను కేంద్రము కలదు. అక్కడినుండి వదలు మహా బెలూనులు ముప్పది నలుబది కిలోమీటర్ల ఎత్తునకు పోయి, పని ముగిసిన పిదప యంత్రముల పెట్టెలను పారాచ్యూటుతో చుట్టు జిల్లాల పొలములలో దించును. 2005 ఏప్రిల్ మాసమున అట్లు పైకి పోయిన ఒక పెట్టెలో పట్టి తెచ్చిన గాలిలో మూడు క్రొత్త జాతుల సూక్ష్మజీవులు దొరికినవని 2009లో ప్రకటించిరి. వానిలో ఒకదానికి ఆర్యభటుని పేరిడిరి. 2022 డిసెంబరులో ఇట్టిదే ఒక పెద్ద గోళము వికారాబాదు జిల్లాలో ఒక పల్లె పొలమున దిగగా, ఎగిరే పళ్లెము వచ్చెనని చుట్టు ఊళ్లవారు బండ్లు కట్టుకొని చూడబోయిరి. నవ్వుటకు నాకు నోరు రాలేదు. ఆ బెలూనుల సంగతి ఏ బడి పటములోను నేనును చూచి యుండలేదు.

అందువలన, బడి పిల్లల వారోత్సవములు ఉత్త ఆడంబరమని పెదవి విరచు కొందరు మిత్రులతో నేను ఏకీభవింపను. అట్టముక్కల రాకెట్టులో విజ్ఞానము లేకపోవచ్చును. నీటిసీసాలో గాలి కొట్టి ఎగురవేయు నీటి రాకెట్టులో కలదు. నీరు క్రిందికి పోయిన కొలది సీసా పైకి పోవును, శ్రీహరికోటలో మండు రాకెట్టుకును అదే సూత్రము. 2022 ఆగస్టులో దేశములోని 75 బడులకు చెందిన 750 మంది బాలికలు కూర్చిన ఒక చిన్న ఉపగ్రహము, రాకెట్టు సరియైన కక్ష్యకు చేరకపోవుటచే, వ్యర్థమైనది. ఆరు నెలలలో వారు మరల చేసిరి. 2023 ఫిబ్రవరి 10న అది కక్ష్యకు చేరినది. పెద్దవారి చరిత్రయు ఇట్టిదే. 1979 ఆగస్టులో మన ఎస్.ఎల్.వి.-3 సముద్రములో పడెను, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహమును మోసికొనిపోయెను. తప్పిన లెక్కను కొట్టివేసి క్రొత్త కాగితముపై మరల వేయుట పిల్లలకు పరీక్ష హాలులో ఎవరును నేర్పరు.

ఇక చివరగా మన గ్రంథాలయములో జరిగిన ఒక ముచ్చట. 2022 అక్టోబరు 25, దీపావళి మరునాడు, మంగళవారము. సూర్యాస్తమయ సమయమున పాక్షిక గ్రహణము. గుళ్లు మూసిరి. వీథులు 1980లో వలెనే బోసిపోయినవి. నేను ఇంటినుండి ఒక చిన్న అద్దమును తెచ్చి, దానిమీద కాగితము అతికించి, శనగగింజంత రంధ్రము చేసి, పడమటి వాకిట ఒక కుర్చీమీద నిలిపితిని. ఆ అద్దము విసరిన వెలుగు హాలులో ఇరువది అడుగుల దూరమున గోడమీద పడెను. రంధ్రము ఏ ఆకారమున నున్నను గోడమీద పడునది సూర్యబింబమే. దూరమును 108తో భాగించిన బింబపు వెడల్పు వచ్చును. ఇరువది అడుగులకు రెండు అంగుళముల పైచిలుకు. (జపమాలలోని 108కి దీనితో సంబంధము కలదని వాదించువారు కలరు. నేను ఆ జోలికి పోను.) మొదట ఇద్దరు పిల్లలు వచ్చిరి. గోడమీది గుండ్రని వెలుగు ఒక అంచున కొరికినట్లు తరుగుట చూచి, వారు పరుగెత్తిపోయి మరి నలుగురిని పిలిచికొని వచ్చిరి. ఎవరును ఆకాశమువైపు చూడలేదు, ఎవరి కన్నులకును ఏమియు కాలేదు. ఒక బాలుడు వాళ్ల యింట గ్రహణము పట్టిన గుర్తుగా రోకలి నిలిచినదని చెప్పెను. "మంచిది, నాలుగు దినములు ఆగి మరల నిలిపి చూడు" అంటిని. అతడు శనివారము నాడు ఇంటి రోకలిని, పళ్లెమును గ్రంథాలయమునకే మోసికొని వచ్చి, అందరి యెదుట నిలిపెను. రోకలి నిలిచినది. అడుగు చదునుగా నుండి, చేయి వణకకున్న ఏ దినమైనను నిలుచును. ఆ బాలుని నాయనమ్మ వాకిట నిలువబడి చూచి, "మరి గిన్నేండ్లు మాకెవ్వరు చెప్పలేదేంది?" అని అడిగెను. ఆ మాట ఎవరిని అడిగినదో నాకు తెలియును.

2031 మే 21వ తేదీ, బుధవారము, కంకణ సూర్యగ్రహణము కేరళ, తమిళనాడుల మీదుగా పోవును. మన ఆలేరులో పాక్షికముగా కనబడును. ఆ దినమున ఎండ బాగుగా నుండును గాని బడికి వేసవి సెలవులుండును. కావున ఆ పని గ్రంథాలయమే చూచుకొనవలెను. అద్దమును, కాగితమును బీరువా పై అరలో దక్షిణపు మూలన ఉంచితిని. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా నుండును గనుక, అప్పుడు అద్దమును కుర్చీమీద గాక వాకిట నేలమీద, ఒక ఇటుక ఆనించి ఏటవాలుగా పెట్టవలెను.